ముఖం మీద సమస్యా? ముందు తలకి ఏం పెడుతున్నారో చెప్పండి

పార్లర్ పెట్టి 19 ఏళ్లయింది. వచ్చేవాళ్లలో సగం మంది కుర్చీలో కూర్చోగానే చెప్పే మొదటి మాట "వేడి చేసిందండీ", రెండో మాట "మా బోరు నీళ్లు బాలేవండీ". సరే, వేడి చేసే ఉండొచ్చు, నీళ్లూ ఉప్పగానే ఉండొచ్చు, కానీ ఇంట్లో మిగతా నలుగురూ అవే నీళ్లు పోసుకుంటున్నారు కదా, వాళ్ల కనురెప్పలు వాయలేదే? నేను డాక్టర్ని కాదు, మందులు చెప్పను. ఏది మానేయాలో మాత్రం చెప్తాను. అది మానకుండా ఎన్ని ట్యూబులు రాసినా నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తారు, ఇది లెక్కలేనన్ని సార్లు చూశాను.

అందరూ ఎగ్గొట్టే పని

ఒంటికి తగిలేవన్నీ ఒక కవర్లో వేసుకుని రండి అంటే ఫేస్ క్రీమ్ ఒక్కటే తెస్తారు. సబ్బు ఏది? షాంపూ? తలనూనె, పౌడరు, కాటుక, బొట్టు ప్యాకెట్, గోళ్ల రంగు ఏవి? "అవి ఎప్పటినుంచో వాడుతున్నవేగా" అంటారు. ఎప్పటినుంచో వాడుతున్నదే ఒకరోజు పడకుండా పోతుంది. అలర్జీ అంటే అదే, పదేళ్లు ఏమీ అనకుండా ఊరుకుని పదకొండో ఏట తిరగబడుతుంది.

ఇంకోటి, అట్టపెట్టెలు పారేయకండి. లోపల ఏమేం కలిపారో చాలావాటికి ఆ పెట్టె మీదే ఉంటుంది, సీసా మీద ఉండదు. పారేసేముందు ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, చదవడం రాకపోయినా పర్లేదు, చదివేవాళ్లకి చూపించొచ్చు. తయారుచేసినవాళ్ల పేరు, అడ్రసు, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోపు వాడాలో ఇవన్నీ మన దేశంలో తయారయ్యే కాస్మెటిక్స్ మీద మామూలుగా ఉండాలి. ఇవేవీ లేని డబ్బా గురించి నన్ను ఏమీ అడగొద్దు, అది చెత్తబుట్టలోకే. ముఖ్యంగా వారంలో తెల్లగా చేస్తుందని చెప్పి చేతికిచ్చే నైట్ క్రీములు. వాటిలో పాదరసం ఉంటే పాడయ్యేది ముఖం ఒక్కటే కాదు, కిడ్నీలు కూడా. 2021 నుంచి 2023 మధ్య కేరళలో మలప్పురం వైపు ఒక ఆస్పత్రి డాక్టర్లు 22 మంది కిడ్నీ పేషెంట్లని పరిశీలించారు, అందులో 15 మందికి ఒకే అరుదైన రకం జబ్బు, ఆ 15లో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు రాసుకుంటున్నవాళ్లే.

రాసిన చోటే, రాసిన రోజే మంట, దురద

రాసిందే కారణం. మానేయండి. రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్. దీనికి ఇంతకంటే అక్కర్లేదు.

క్రీమ్ మానేస్తే ముఖం ఎర్రగా కందిపోతోంది, మళ్లీ రాస్తే తగ్గుతోంది

"చూశారా, క్రీమ్ మంచిదే, మానేస్తేనే వస్తోంది" అని నాతోనే వాదిస్తారు. మానేస్తే ముఖం కందుతోందంటే చర్మం దానికి అలవాటు పడిపోయిందని, లోపల స్టీరాయిడ్, అంటే ఎరుపునీ వాపునీ అణిచిపెట్టే మందు, ఉండి ఉంటుందని. 2018లో 14 రకాల స్టీరాయిడ్ క్రీములు డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం రూల్ తెచ్చింది, అయినా మందుల షాపులో "ముఖానికి ఏదైనా ట్యూబ్ ఇవ్వండి" అంటే ఏం చేతిలో పెడతారో మీకూ తెలుసు. ఇది మాత్రం మీ అంతట మీరు మానడం, మళ్లీ మొదలుపెట్టడం చేయకండి, ట్యూబ్ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, మెల్లగా ఎలా మాన్పించాలో వాళ్లకి తెలుసు.

నుదుట బొట్టు పెట్టే చోట తెల్లమచ్చ

స్టిక్కర్ వెనక జిగురు. కొన్ని జిగురుల్లో ఉండే ఒక రసాయనం చర్మానికి రంగునిచ్చే కణాలనే చంపేస్తుంది. బిళ్ల ఎంత గుండ్రంగా ఉంటే మచ్చ కూడా అంతే గుండ్రంగా వస్తుంది, కాస్త చూసే కన్ను ఉంటే చాలు. కొంచెం పైకి జరిపి పెట్టుకుంటే సరిపోతుందనుకోకండి, అక్కడా వస్తుంది. స్టిక్కర్ పూర్తిగా మానేసి వెంటనే చూపించుకోండి, తొందరగా వెళ్తే రంగు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. ఇక తెల్లమచ్చ కాకుండా నల్లమచ్చ అయితే కుంకుమని అనుమానించండి. పసుపులో సున్నం తగిలి ఎర్రబడిన కుంకుమ వేరు, బజార్లో రంగు కలిపి అమ్మే పొడి వేరు.

నుదురు, కణతలు, చెవుల ముందు నల్లబడటం, లేదా కనురెప్పలు, చెవులు, మెడ వెనక వాపు, దురద

నేను దెబ్బ తిన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మా పిన్నికి నుదురు అంచునా కణతల మీదా బూడిదరంగు కలిసిన నలుపు వచ్చింది. మంగు అనుకున్నాం. నేనే అన్నాను మంగు అని, ఇంత అనుభవం ఉండి. ఏడాదిన్నర పైనే రాయని క్రీమ్ లేదు, వేయని ప్యాక్ లేదు, కొంచెం తగ్గినట్టే ఉంటుంది మళ్లీ పాకుతుంది. మొదట్లోనే అడిగాను, "పిన్నీ, తలకి రంగు వేస్తున్నావా?" అని. "ఛ, రంగెందుకే, ఆ కెమికల్సు నాకు పడవు, గోరింటాకే" అంది. నేను నమ్మాను. ఒకసారి వాళ్లింటికి వెళ్తే బాత్రూమ్ కిటికీలో చిన్న ప్యాకెట్ కనిపించింది, ముందు ఆకుల బొమ్మ, హెర్బల్ అని పెద్దక్షరాలు, నల్ల హెన్నా అని పేరు. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో పారా ఫినైలిన్ డయమీన్. పీపీడీ అంటారే, అది. మామూలు హెయిర్ డైలో ఉండేదీ అదే, కాకపోతే దీనికి ఆకుల బొమ్మ తొడిగారు.

పిన్ని అబద్ధం చెప్పలేదు. ప్యాకెట్ మీద హెన్నా అని ఉంది, ఆవిడ హెన్నా అంది. తప్పు నాది, ప్రశ్న తప్పు అడిగాను. అప్పట్నుంచీ "రంగు వేస్తారా" అని ఎవర్నీ అడగను. "తలకి ఏం పెడతారు, ఎంతసేపు ఉంచుతారు, ఏ రంగు వస్తుంది, ప్యాకెట్ ఫోటో పంపండి" అని అడుగుతాను. హెన్నానే అన్నవాళ్ల ప్యాకెట్లలో ఆ పేరు ఎన్నిసార్లు కనిపించిందో చెప్తే నమ్మరు.

అసలు దీనికి కెమిస్ట్రీ చదవక్కర్లేదు. ఆషాఢంలో గోరింటాకు రుబ్బి పెట్టుకోని ఇల్లు ఉందా మనకి? రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ఎర్రగా పండుతుంది, మహా అయితే ముదురు ఎరుపు. నల్లగా పండిన గోరింటాకుని మీ అమ్మమ్మ చూసిందా? మరి అదే ఆకు తలకి పెడితే అరగంటలో కాటుకలా ఎలా నల్లబడుతుంది? అరగంటలో నలుపు వచ్చిందంటే అది ఆకు పని కాదు. వట్టి గోరింటాకు పొడి కలిపితే ముద్ద ఆకుపచ్చగా ఉండి పైన మెల్లగా గోధుమరంగుకి తిరుగుతుంది, పీపీడీ కలిసిన పొడి నీళ్లు తగిలిన కాసేపటికే గిన్నెలో తారులా అవుతుంది. నీలి ఆకు (ఇండిగో) పొడి కలిపినా ముద్ద పైన నల్లనీలం తేలుతుంది, అది వేరు, దాని మీద కంగారు పడకండి. అందుకే గిన్నె చూసి తీర్పు చెప్పకుండా ప్యాకెట్ వెనక చదవమంటున్నా.

మరి తలకి పెడితే ముఖానికి ఎందుకొస్తుంది? అందరికీ ఇక్కడే లెక్క తప్పుతుంది. మాడు చర్మం మందం, ఒక్కోసారి అక్కడ చిన్న దురదతో పోతుంది. కడిగేటప్పుడు ఆ నీళ్లు నుదుటి మీదుగా, చెవుల మీదుగా, మెడ వెనక్కి కారతాయి, రెప్పల చర్మం పల్చన కాబట్టి ముందు అదే వాస్తుంది. పైగా వెంటనే రాదు. ఆదివారం పెట్టుకుంటే సోమవారమో మంగళవారమో వస్తుంది, అప్పటికి మనం సోమవారం తిన్న వంకాయ కూరని తిడుతుంటాం. మగవాళ్లకయితే మీసం. మీసానికి రంగేసుకుని పైపెదవి వాచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన రొయ్యలు పడలేదని గట్టిగా వాదించాడు, పాపం ఆ రొయ్యలు ఏం చేశాయి.

ఇక డబ్బా మీద "అమ్మోనియా లేదు" అని చూసి కొనేవాళ్లకి ఒక దణ్ణం. అమ్మోనియా లేకపోతే ఘాటు వాసన తగ్గుతుంది, అంతే. మనకి పడనిది పీపీడీ, అది ఉందో లేదో ఆ ముక్క చెప్పదు. "పీపీడీ లేదు" అని రాసినవాటిలో కూడా కొన్నింట్లో టొలుయిన్ డయమీన్ ఉంటుంది, అది దీనికి చెల్లెలే, పీపీడీ పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు. యూరప్‌లో తలమీద పెట్టేసరికి పీపీడీ 2 శాతం దాటకూడదని హద్దు ఉంది. మన దగ్గర ఈ పదార్థం ఉన్న డైల మీద ముందు చర్మం మీద పరీక్షించుకోవాలనీ, కనుబొమలకీ రెప్పవెంట్రుకలకీ వాడితే చూపు పోవచ్చనీ ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ హెచ్చరిక ఉండాలని రూల్. ఉంటుంది కూడా, మడతపెట్టిన కాగితంలో. ఆ కాగితాన్ని రంగు కలిపేటప్పుడు కింద పరుచుకుంటారు మనవాళ్లు.

సరే, ఏం చేయాలి. ఇప్పుడే వాచి ఉంటే గోరువెచ్చని నీళ్లతో, మామూలు షాంపూతో తల వెనక్కి వంచి రెండుమూడు సార్లు కడిగేయండి, నీళ్లు ముఖం మీదికి రానివ్వకండి. కుంకుడుకాయతో రుద్దడం, నిమ్మకాయ, పసుపు, పెరుగు ఏవీ వద్దు, మండుతున్న చోట ఇంకోటి పూయడమే అవుతుంది. కళ్లు మూసుకుపోయేంత వాపు ఉన్నా, ఊపిరి ఆడకపోయినా, పెదవులు నాలుక వాచినా ఇది చదువుతూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్లండి. ఒకసారి గట్టిగా వచ్చినవాళ్లు ఈ రకం రంగు ఇక జన్మలో పెట్టుకోకూడదు, "కొంచెం పెట్టి చూద్దాం" అసలే వద్దు, రెండోసారి మొదటిసారి కంటే గట్టిగా రావచ్చు.

వాపు లేకుండా నలుపు మాత్రమే వచ్చినవాళ్లకి ఓపిక కావాలి. మానేసిన వారంలో తెల్లబడదు, నెలలు పడుతుంది. పిన్నికి 14 నెలలు పట్టింది, ఇంకా కుడి కణత దగ్గర నీడలా ఉంది. ఎండలోకి వెళ్తే కొంగు కప్పుకోవడమో సన్‌స్క్రీనో తప్పదు. ఇప్పుడు ఆవిడ వట్టి గోరింటాకు పెట్టి, కడిగి, ఆ తర్వాత నీలి ఆకు పొడి గంటన్నర ఉంచుతుంది, పూట పని. నలుపు మర్నాటికి తేలుతుంది, అది కూడా ముదురు గోధుమరంగులాంటి నలుపు. పెళ్లిళ్లలో చుట్టాలు "ఏంటీ ఎర్రబడ్డాయి జుట్టు" అంటారు, "అంటే అననీ" అంటుంది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక గోరింటాకు ఒక్కటే, రెండోదాంట్లో నీలి ఆకు ఒక్కటే ఉండాలి, ఇంకో పేరు కనిపిస్తే కొనకుండా షాపులోనే వదిలేయండి.

ఇంతవరకూ ఏమీ రాలేదు, డై మానలేను అంటారా, ప్రతిసారీ చెవి వెనక రూపాయి బిళ్లంత పెట్టి 48 గంటలు చూసి అప్పుడు తలకి పెట్టండి. ప్రతిసారీ అన్నాను, మొదటిసారి మాత్రమే కాదు. పిల్లల చేతులకి ఎగ్జిబిషన్లలో పెట్టే నల్ల మెహందీ మాత్రం వద్దే వద్దు, చిన్నప్పుడు దాంతో అలర్జీ అంటుకుంటే పెద్దయ్యాక డై పెట్టిన మొదటిసారే బయటపడొచ్చు.

మిగతావి

గోళ్ల రంగు వల్ల కూడా రెప్పలు దురద పెడతాయి, చేత్తో కళ్లు నులుముకుంటాం కాబట్టి. కాటుక వల్ల కళ్లు మండితే పేరూ ఊరూ లేని సుర్మా ఏమైనా వాడుతున్నారా చూడండి, కొన్నింట్లో సీసం ఉంటుంది. సెంటు మెడ మీద కాకుండా చీర మీద కొట్టుకోండి.

క్రీములూ షాంపూలూ పాడవకుండా కలిపే పారాబెన్ల గురించి నన్ను రోజూ అడుగుతారు. అలర్జీ వరకూ అయితే అవి చాలా నెమ్మదస్తులు, 2019లో అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ (చర్మానికి ఏదైనా తగిలి వచ్చే అలర్జీ) సొసైటీ ఏటా ప్రకటించే అలర్జీ కారకాల వరసలో ఆ ఏడు "కారకం కానిది" అని మరీ పారాబెన్ల పేరు పెట్టింది. అదే సొసైటీ 2013లో అలర్జీ కారకమని పేరు పెట్టిన మిథైల్ ఐసోథయజోలినోన్ (ఇదీ సరుకు పాడవకుండా కలిపేదే) మాత్రం పారాబెన్ ఫ్రీ అని మెరిసిపోయే కొన్ని షాంపూల్లో, తడి టిష్యూల్లో కనిపిస్తుంది. యూరప్‌లో కడగకుండా ఒంటి మీద వదిలేసే వాటిలో దాన్ని 2017 నుంచి వాడనివ్వడం లేదు. పాపాయికి తడి టిష్యూలు వాడే తల్లి చేతివేళ్లు పగులుతుంటే ఈ పేరు వెతకండి.

ఏదీ తేలకపోతే స్కిన్ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. వీపు మీద చిన్న చిన్న బిళ్లలు అంటించి 48 గంటలు ఉంచుతారు, తర్వాత మళ్లీ ఒకటి రెండుసార్లు పిలిచి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, కాబట్టి మే నెలలో పెట్టుకోకండి. వెళ్లేటప్పుడు ఆ తలకి పెట్టే ప్యాకెట్ తీసుకెళ్లండి, బాత్రూమ్ కిటికీలో ఉంటుంది చూడండి.