ఇంగ్లండ్ ఇంట్లో హీట్ రికవరీ వెంటిలేషన్ మనమే బిగించుకోవడం ఎలా?

చలికాలంలో ఇక్కడి తెలుగువాళ్ల ఇల్లు ఒకసారి ఊహించుకోండి. కిటికీలన్నీ బిగించి ఉంటాయి. కుక్కర్ విజిల్ వేస్తుంటుంది, పోపు వేగుతుంటుంది, రేడియేటర్ మీద బట్టలు ఆరుతుంటాయి. తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు ధారకడతాయి. జనవరి వచ్చేసరికి బీరువా వెనక గోడకి నల్లటి బూజు. కిటికీ తీస్తే చెమ్మ పోతుంది, దాంతోపాటే డబ్బు పోసి వేడెక్కించుకున్న గాలీ పోతుంది.

దీనికి మందు హీట్ రికవరీ వెంటిలేషన్, ఇక్కడి వాడుకలో ఎం.వి.హెచ్.ఆర్. ఒక పెట్టె, అందులో రెండు ఫ్యాన్లు. ఒకటి వంటింటి నుంచి, బాత్రూముల నుంచి చెమ్మగాలిని బయటికి లాగుతుంది. రెండోది బయటి గాలిని పడగ్గదుల్లోకి, హాల్లోకి పంపుతుంది. పెట్టె లోపల పల్చటి పొరలకు అటూ ఇటూ ఈ రెండు గాలులూ కలవకుండా పక్కపక్కనే వెళ్తాయి. పోయే గాలి తన వేడిని వచ్చే గాలికి ఇచ్చి పోతుంది. బయట 0 డిగ్రీలు, లోపల 20 అనుకుంటే, 85 శాతం వేడిని పట్టుకునే పెట్టె 17 డిగ్రీల గాలిని గదిలోకి ఇస్తుంది.

మా మూడు బెడ్రూముల ఇంట్లో దీన్ని నేనే బిగించాను. పెట్టె బిగించడానికి ఒక పూట పట్టింది. పైపులకు నాలుగు వారాంతాలు పట్టాయి. అసలు పనంతా పైపులదే, కాబట్టి పెట్టె ఆఖర్న కొనండి. నేను ఆఫర్ ఉందని ముందే కొని, అది లాఫ్ట్ (పైకప్పు కింది అటక) తలుపులోంచి పట్టక తలుపు చట్రం కోయాల్సి వచ్చింది.

మొదలుపెట్టే ముందు

సందులున్న ఇంటికి ఇది దండగ. నేల అంచుల్లోంచి, పాత చిమ్నీలోంచి గాలి దూరుతుంటే పెట్టెలోంచి వెళ్లేది కొంతే. ముందు సందులు మూయండి. గాలి బిగువు పరీక్ష చేయిస్తే 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర చదరపు మీటరుకు గంటకు 5 ఘనపు మీటర్ల లోపు రావాలి, 3 లోపు వస్తే ఇంకా మంచిది.

ఇంట్లో కట్టెల పొయ్యి గానీ, గది గాలినే వాడుకుని మండే పాత గ్యాస్ ఫైర్ గానీ ఉంటే అక్కడే ఆగండి. ఫ్యాన్లలో తేడా వస్తే పొగ గదిలోకి వెనక్కి రావచ్చు. గ్యాస్ ఫైర్‌ను గ్యాస్ ఇంజనీరుకు, కట్టెల పొయ్యిని ఆ పని తెలిసిన నిపుణుడికి చూపించకుండా ముందుకెళ్లొద్దు. 2000కి ముందు కట్టిన ఇల్లయితే సీలింగ్‌లో గరుకు పూతకు రంధ్రం వేసేముందు ఆస్బెస్టాస్ పరీక్ష చేయించండి. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లోనే. కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ (ఇంటి పనులు నిబంధనల ప్రకారం ఉన్నాయో చూసే విభాగం) వాళ్లకు కూడా పని మొదలుపెట్టకముందే చెప్పాలి, తర్వాత చెబితే తలనొప్పి.

గాలి లెక్క

ఇంగ్లండ్ భవన నిబంధనల్లో వెంటిలేషన్ గురించి పార్ట్ ఎఫ్ అనే పత్రం ఉంది. 2021 కూర్పు ప్రకారం మూడు బెడ్రూముల ఇంటికి సెకనుకు కనీసం 31 లీటర్ల గాలి ఎప్పుడూ ఆడుతుండాలి. నేల వైశాల్యాన్ని 0.3తో గుణించినా ఒక సంఖ్య వస్తుంది, రెండింట్లో పెద్దది తీసుకోవాలి. మాది 90 చదరపు మీటర్లు, అంటే 27. కాబట్టి 31.

ఇక లాగే గదులు. వంటింటికి 13, బాత్రూముకు 8, టాయిలెట్‌కు 6, ఇవి బూస్ట్ (వంట, స్నానం వేళల్లో ఫ్యాన్ వేగం పెంచే మీట) నొక్కినప్పుడు సెకనుకు రావాల్సిన కనీస లీటర్లు. మాకు రెండు బాత్రూములు, కింద ఒక టాయిలెట్. మొత్తం 35. పెట్టెల కేటలాగుల్లో గంటకు ఘనపు మీటర్లని ఉంటుంది, 3.6తో గుణించుకోండి: 126. సగం వేగంలోనే ఇంత ఇవ్వగల పెట్టె తీసుకోండి. గట్టిగా తిరిగే చిన్న పెట్టెతో రాత్రి నిద్ర పట్టదు.

ఈ 31 లీటర్లను కిటికీల్లోంచే వదిలేస్తే 20 డిగ్రీల తేడా ఉన్న రోజున దాదాపు 740 వాట్ల వేడి బయటికి పోతుంది. ఈ పెట్టెతో అది 110 వాట్ల దగ్గర ఆగుతుంది.

పైపుల దారి

నేను వాడినవి 75 మి.మీ. సెమీ రిజిడ్ పైపులు. లోపల నున్నగా, బయట మెలికలుగా ఉండి చేత్తోనే వంగుతాయి. ఒక్కో పైపు సెకనుకు 8 లీటర్ల దాకా చప్పుడు లేకుండా మోస్తుంది. అందుకని వంటింటికి రెండు, హాల్‌కు రెండు, మిగతా గదులకు ఒక్కోటి. గాలి పంపే వైపు ఐదు, లాగే వైపు ఐదు. ప్రతి పైపూ లాఫ్ట్‌లోని పంపిణీ డబ్బా నుంచి నేరుగా తన గదికే వెళ్తుంది, మధ్యలో జాయింట్లు ఉండవు.

పై అంతస్తు సులువే. లాఫ్ట్ నేల మీద పైపులు పరిచి, వాటిపైన ఇన్సులేషన్ మందంగా కప్పేయడమే. కష్టమంతా కింది గదులకు దిగడంలో ఉంది. మా ఇంట్లో దిగాల్సినవి ఐదు, పక్కపక్కన పెడితే 40 సెం.మీ. వెడల్పు. పడగ్గది అలమర మూలలోంచి దింపి ప్లాస్టర్‌బోర్డుతో మూసేశాను. అలమరలో చీరల చోటు తగ్గిందని ఇంట్లో ఇప్పటికీ వింటున్నాను.

అక్కడి నుంచి రెండు అంతస్తుల మధ్యనున్న చెక్క దూలాల సందుల్లోంచి వెళ్లాలి. వీటినే ఇక్కడ జాయిస్టులంటారు. జాయిస్ట్‌లో వేసే రంధ్రం దాని ఎత్తులో నాలుగో వంతు దాటకూడదు. 200 మి.మీ. జాయిస్ట్‌కు 50 మి.మీ. రంధ్రమే గరిష్ఠం, మన 75 పైపు అందులో పట్టదు. కాబట్టి జాయిస్టులు ఏ దిక్కున ఉంటే పైపులూ ఆ దిక్కునే పోవాలి, అడ్డంగా దాటే మాటే లేదు. కాగితం మీద ఇల్లు గీసుకుని, జాయిస్టుల దిక్కు బాణం గుర్తుతో వేసుకుని, అప్పుడు గదుల్లో గాలి ఎక్కడ దిగాలో నిర్ణయించండి. నేను గీసిన మొదటి మూడు బొమ్మలూ చెత్తబుట్టలోకే పోయాయి.

పడగ్గదిలో గాలి తలుపుకు దూరంగా దిగాలి, మంచం మీద మాత్రం కాదు. వంటింట్లో గాలి లాగే మూత (పైపు చివర గదిలో ఉండే వాల్వ్) పొయ్యికి నేరుగా పైన వద్దు. మన పోపుల జిడ్డు పైపుల్లో పేరుకుంటే కడిగే దారి లేదు. పొయ్యి మీద బిగించే కరెంటు చిమ్నీని (కుక్కర్ హుడ్) కూడా ఈ పైపులకు కలపకూడదు, దానికి విడిగా బయటికి దారి ఉండాలి లేదా కార్బన్ ఫిల్టర్‌తో తిరిగి గదిలోకే వదిలేది వాడాలి.

పెట్టె, గోడ కంతలు

ఫిల్టర్ మార్చడానికి మనిషి వెళ్లగలిగే చోటే పెట్టె పెట్టండి. కింద ప్లైవుడ్, అదురు తగ్గించే రబ్బరు దిమ్మలు. పెట్టెకూ పంపిణీ డబ్బాలకూ మధ్య సైలెన్సర్ తప్పనిసరి, డబ్బు మిగులుతుందని దీన్ని వదిలేయొద్దు.

బయటికి రెండు కంతలు కావాలి. గోడలో గుండ్రటి పెద్ద కంత వేసే కోర్ డ్రిల్ అద్దెకు దొరుకుతుంది, ఇటుకలో ఇరుక్కుంటే చెయ్యి తిప్పేస్తుంది, ఇద్దరు ఉండి చేయండి. కంత బయటివైపు కాస్త వాలుగా ఉంటే వాన నీళ్లు లోపలికి రావు. గాలి తీసుకునే నోరూ, వదిలే నోరూ కనీసం 2 మీటర్ల దూరంలో పెట్టండి. బాయిలర్ పొగగొట్టానికి, చెత్త డబ్బాలకు దగ్గరగా తీసుకునే నోరు వద్దు. పెట్టె నుంచి ఈ నోళ్ల దాకా పోయే పైపుల్లో చల్లగాలి ఉంటుంది. వాటికి సందు లేకుండా ఇన్సులేషన్ చుట్టకపోతే పైపు మీదే నీళ్లు చెమర్చి సీలింగ్ మీద పడతాయి.

నీటి గొట్టం

చెమ్మగాలి పెట్టెలో చల్లబడగానే నీళ్లు కారుతాయి. ఆ నీరు ఒక సన్నని గొట్టంలోంచి మురుగు పైపులోకి పోవాలి. నాకు బుద్ధొచ్చింది ఇక్కడే. గొట్టం చూడ్డానికి నేరుగానే ఉందని వదిలేశాను. డిసెంబరులో ఒక రాత్రి చిన్నదాని మంచం మీద సీలింగ్ చుక్కలు చుక్కలుగా కారింది. రసమట్టం పెట్టి చూస్తే నీరు పెట్టె వైపుకే వాటం ఉంది. పొడవునా వాటం సరిచూడండి, చలికి గడ్డకట్టకుండా గొట్టానికీ ఇన్సులేషన్ తొడగండి. మురుగు వాసన రాకుండా గొట్టంలో నీరు నిలిపే వంపును ట్రాప్ అంటారు. నీళ్ల ట్రాప్ వేసవిలో ఎండిపోయి మురుగు వాసన లాగుతుంది, నీళ్లు అక్కర్లేని రకం కొనండి.

కరెంటు పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

ఆఖరి సర్దుబాటు

స్విచ్ వేస్తే పని అయిపోయినట్టు కాదు. మూతలన్నీ పూర్తిగా తెరిచి, గాలి కొలిచే ఎనిమోమీటరుతో ప్రతి గదిలోనూ కొలవాలి. మా ఇంట్లో పంపే లెక్క హాల్‌కు 11, పెద్ద పడగ్గదికి 8, మిగతా రెంటికీ 6 చొప్పున. ఒక మూత బిగిస్తే ఆ గాలి మిగతా గదులకు మళ్లుతుంది, అందుకే ఇంటిని మూడు నాలుగుసార్లు చుట్టాల్సి వస్తుంది. లోపలికి వచ్చే మొత్తం, బయటికి పోయే మొత్తం సమానం కావాలి. బిల్డింగ్ కంట్రోల్‌కు ఇచ్చే కొలతలు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉన్న పరికరంతోనే తీయాలి, దాన్ని అద్దెకు తెచ్చుకోవచ్చు.

తలుపుల కింద 10 మి.మీ. సందు ఉండాలి, పడగ్గది గాలి వంటింటి దాకా పోయేది దాన్లోంచే. మందపాటి కార్పెట్ ఉంటే తలుపు అడుగు కాస్త చెక్కించండి. పాత బాత్రూమ్ ఫ్యాన్లు తీసేసి ఆ కంతలు పూడ్చండి, కిటికీల పైనుండే చిన్న గాలి చీలికలూ మూసేయండి.

ఫిల్టర్లు మూడు నెలలకోసారి తీసి చూస్తుండండి, రోడ్డు పక్క ఇల్లయితే ఇంకా ముందే. మొదటిసారి తీసినప్పుడు బయటి గాలి వైపుది బొగ్గులా నల్లగా ఉంది. ఇన్నాళ్లూ అది కిటికీలోంచి ఎటు పోయేదో మా ఆవిడ అడిగింది.