మిలోంగాలో, అంటే అందరూ కలిసి టాంగో చేసే వేడుకలో, కూర్చునే ఉండిపోతున్నారా? కారణం ఎక్కడుందో చూడండి

సమస్య: సాయంత్రమంతా ఉన్నా టాంగోకి ఎవరూ పిలవడం లేదు.

కారణం: ముందు హాల్లో ఎవరెంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. లీడర్లు (జంటలో నడిపించేవాళ్లు) 20 మంది, ఫాలోవర్లు (వాళ్లని అనుసరించేవాళ్లు) 30 మంది ఉంటే, అందరూ ఎంత బాగా చేసేవాళ్లైనా ప్రతి తాండాకీ కనీసం 10 మంది కూర్చోవాల్సిందే. తాండా అంటే మూడు నాలుగు పాటలు, మధ్యలో జంటలు మారరు కాబట్టి ఒకటి తప్పిందంటే పది నిమిషాలు ఆగాలి. చాలా చోట్ల ఆడవాళ్లే ఎక్కువమంది వస్తారు, వాళ్లకి ఫాలో అవడమే నేర్పుతారు, దాంతో ఖాళీగా కూర్చోవడం కూడా వాళ్ల వంతే అవుతుంది. దీన్ని మీ డాన్స్‌లో లోపం అనుకుని బాధపడకండి.

పరిష్కారం: లీడ్ చేయడం నేర్చుకోండి. నా దృష్టిలో అసలు మందు ఇదే, ఎందుకంటే ఒక్క ఫాలోవర్ లీడర్‌గా మారితే ఇంకో ఫాలోవర్ కూడా కుర్చీలోంచి లేస్తుంది. ఇదేం కొత్త సంగతి కాదు. వలసల వల్ల అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిర్స్‌లో మగవాళ్లే ఎక్కువైన కాలంలో వాళ్లు ఒకరితో ఒకరు ప్రాక్టీస్ చేసేవాళ్లు.

సమస్య: సంఖ్య సమానమే, అయినా పిలుపు లేదు.

కారణం: మీరు కనిపించడం లేదు. చీకటి మూలలో కూర్చుని ఫోన్ చూస్తుంటే కబెసేయో, అంటే చూపు కలిపి తలూపి పిలవడం, మీదాకా రాదు.

పరిష్కారం: వెలుగున్న చోటికి మారండి. కోర్తీనా, అంటే తాండాల మధ్య వేసే చిన్న సంగీతం ముక్క, అయిపోయి కొత్త తాండా మొదటి పాట మొదలవగానే, చేయాలనుకున్నవాళ్ల వైపు నేరుగా చూడండి, కళ్లజోడు ఉంటే అప్పుడు తీయకండి. తలూపాక లేవకుండా వాళ్లు దగ్గరికొచ్చేదాకా ఆగండి, పిలుపు మీ పక్కవాళ్లకి కూడా అయ్యుండొచ్చు.

సమస్య: నేరుగా వచ్చి చేయి చాపుతున్నారు, కాదనలేకపోతున్నాను.

పరిష్కారం: "ఇప్పుడు వద్దండీ" అంటే చాలు, కారణం చెప్పక్కర్లేదు. తాండా మధ్యలో ఇబ్బందైతే పాట అయ్యాక "గ్రాసియాస్" (స్పానిష్‌లో థాంక్స్) అనండి, ఇక చాలని వాళ్లకి అర్థమవుతుంది.

సమస్య: లీడర్లు ఎప్పుడూ ఆ నలుగురితోనే చేస్తున్నారు.

ఎవరితో చేయాలన్నది ఎవరి ఇష్టం వాళ్లదే, బలవంతంగా చేసే తాండా ఇద్దరికీ నరకం. కానీ లీడర్లూ, వయసు చూసో, కొత్తవాళ్లనో చూపు తిప్పేసుకుంటే మాత్రం అది అన్యాయం, రాత్రికి ఒకటి రెండు తాండాలైనా ఇంతవరకూ చేయనివాళ్లతో చేయండి. నిర్వాహకులైతే లైట్లు కాస్త పెంచి, రిజిస్ట్రేషన్ లీడర్లకీ ఫాలోవర్లకీ సమానంగా తీసుకోండి, ఆడా మగా లెక్కతో కాదు.