మియాటాలో ఆరు పాయింట్ల హార్నెస్ ఎలా బిగించాలి? భుజం పట్టీల దగ్గర మాత్రం తొందర పడొద్దు

నేను డాలస్ దగ్గర ఉంటా, వీలైనప్పుడల్లా క్రెస్సన్‌లో ఉన్న మోటార్‌స్పోర్ట్ రాంచ్ రేస్ ట్రాక్‌కి వెళ్తా, నా మియాటాతో (మాజ్దా వాళ్ళ రెండు సీట్ల చిన్న కారు) పాటు ఫ్రెండ్స్ కార్లలో కూడా చాలా హార్నెస్‌లు, అంటే భుజాలు, నడుం, తొడల దగ్గర మనిషిని సీటుకి కట్టేసే రేసు బెల్టులు, బిగించా. వెళ్ళిన ప్రతిసారీ పార్కింగ్‌లో ఒక్క కారన్నా కనిపిస్తుంది, భుజం పట్టీలు సీటు వెనక నుంచి సూటిగా నేలకి దిగిపోయి అక్కడెక్కడో బోల్టుకి కట్టేసి ఉంటాయి. చూడగానే నా వెన్ను జలదరిస్తుంది. వాళ్ళకి చెప్తే "గట్టిగానే ఉంది కదా బ్రో" అంటారు. గట్టిగా ఉండటం కాదు సమస్య, ఎటు లాగుతుందనేది సమస్య. అందుకే ఇది రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి. హార్నెస్ ఒక్కటే కొనేది కాదు. కారులో రోల్ బార్ (సీట్ల వెనక తల కన్నా ఎత్తుగా ఉండే స్టీల్ పైపు చట్రం), వెనక్కి వాలని ఫిక్స్‌డ్ బకెట్ సీటు, మెడకి హాన్స్ (భుజాల మీద కూర్చుని హెల్మెట్‌ని పట్టి ఉంచే పరికరం), ఈ మూడూ ఉంటేనే హార్నెస్. కారు బోల్తా పడి పైకప్పు నొక్కుకుపోతే మామూలు మూడు పాయింట్ల బెల్టుతో మనిషి పక్కకి ఒరుగుతాడు, హార్నెస్ అయితే నిటారుగా పట్టి ఉంచుతుంది, పైన రోల్ బార్ లేకపోతే ఆ బరువంతా తల మీదే. ఇక ఒళ్ళు కట్టేసి తల వదిలేస్తే గుద్దుకున్నప్పుడు ముందుకి దూసుకెళ్ళేది తలే. 2001 డేటోనా 500లో చివరి ల్యాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ పుర్రె అడుగుభాగం విరిగి చనిపోయాడు, ఆ ఏడాదే ఆ రేసులు నడిపే నాస్కార్ సంస్థ తల, మెడ రక్షణ పరికరం తప్పనిసరి చేసింది, 2003 నుంచి ఫార్ములా వన్‌లో హాన్స్ తప్పనిసరి. కాబట్టి హాన్స్‌కి డబ్బుల్లేకపోతే హార్నెస్ ఇప్పుడే వద్దు, కంపెనీ బెల్టుతోనే తిప్పండి.

మియాటా ఓపెన్ టాప్ కాబట్టి కర్ర పరీక్ష కూడా చేయండి. హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చోండి, రోల్ బార్ పైనుంచి ముందు అద్దం ఫ్రేమ్ దాకా చీపురు కర్ర ఆనించండి, హెల్మెట్‌కీ కర్రకీ మధ్య 2 అంగుళాల ఖాళీ ఉండాలి. లేకపోతే ముందు సీటు దించే పని చూడండి.

సామాన్ల సంగతి తొందరగా చెప్పేస్తా. ఆరు పాయింట్ల హార్నెస్, పాలిస్టర్ పట్టీ, క్యామ్ లాక్ (తిప్పగానే పట్టీలన్నీ ఒకేసారి ఊడే గుండ్రటి బకిల్). నైలాన్ ఎక్కువ సాగుతుంది, వద్దు. నాలుగు పాయింట్లది అసలే వద్దు, గుద్దుకున్నప్పుడు భుజం పట్టీలు నడుం పట్టీని పొట్ట మీదకి లాగేస్తాయి, మనిషి కిందనుంచి జారిపోతాడు. కొన్ని నాలుగు పాయింట్ల వాటిలో దీనికోసం ఒక భుజం పట్టీ కావాలని సాగేలా కుడతారు, అయినా నేను పెట్టను, తొడల మధ్య పట్టీలు చేసే పనిని కుట్టు చేస్తుందంటే నాకు నమ్మకం లేదు. హైదరాబాద్ నుంచి మా పిన్ని కొడుకు వీడియో కాల్ చేసి పోలోలో వెనక సీటు కొక్కేలకి తగిలించిన ఎర్ర హార్నెస్ చూపించాడు, రోడ్డు మీద కూడా అదే పెట్టుకుంటున్నాడట. ఆ రోజే విప్పించా. రోడ్డు మీద కంపెనీ బెల్టే, దాన్ని పీకకండి.

లేబుల్ చూడండి. రేసు సామాన్లకి ప్రమాణాలు పెట్టే సంస్థలు ఎఫ్ఐఏ, ఎస్ఎఫ్ఐ. ఎఫ్ఐఏ 8853-2016 అయితే దాని మీద చెల్లుబాటు ముగిసే ఏడాది ఉంటుంది, ఎస్ఎఫ్ఐ 16.1 అయితే తయారైన నెల నుంచి 2 ఏళ్ళే. సెకండ్ హ్యాండ్ ఎంత చవగ్గా వచ్చినా కొనకండి, అది ఏ యాక్సిడెంట్ చూసిందో మీకు తెలీదు. ఇంకోటి, చాలా ట్రాక్ డేల్లో (మన సొంత కారు రేస్ ట్రాక్ మీద నడిపే రోజులు) ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటాడు కదా, రెండు సీట్లకీ ఒకే రకం బెల్టు ఉండాలని రూల్ పెడతారు, కాబట్టి రెండు సెట్లు కొనాలి.

నడుం పట్టీలు, కింద పట్టీలు (తొడల మధ్యవి) తేలిక. బ్యాటరీ నెగటివ్ తీసి కాసేపు ఆగి సీట్లు తీయండి. నడుం పట్టీ సీటు పక్క రంధ్రం లోంచి దిగి నేలతో 45 నుంచి 80 డిగ్రీల మధ్య ఉండాలి, నేను 60 దగ్గర పెడతా. చాలా కార్లలో కంపెనీ బెల్టు బోల్టుది 7/16 అంగుళం, అంగుళానికి 20 మరల యూఎన్ఎఫ్ సైజు, ఐ బోల్టులు (పట్టీ కొక్కెం తగిలించే రింగు తల బోల్టులు) కూడా అదే సైజులో దొరుకుతాయి. మీ కారుది చూసుకునే కొనండి, సైజు దగ్గరగా ఉందని ఎమ్‌ 12 (12 మిల్లీమీటర్ల) బోల్టుని బలవంతంగా తిప్పొద్దు. కొక్కెం తగిలిస్తే దాని పిన్ కూడా పెట్టండి. తొడల మధ్య పట్టీలకి కొత్త రంధ్రం వేస్తే కింద కనీసం 3 మిల్లీమీటర్ల మందం, 40 చదరపు సెంటీమీటర్ల స్టీల్ ప్లేటు వేయాలి, ఉత్త వాషర్ వేస్తే రేకు చింపుకుని పైకి వచ్చేస్తుంది. డ్రిల్ చేసే ముందు కారు కిందకి దూరి బ్రేక్ పైపు, పెట్రోల్ పైపు ఎక్కడున్నాయో చూడండి. ఆ పట్టీలు గజ్జల నుంచి కాస్త వెనక్కి వాలుతూ దిగాలి.

ఇప్పుడు అసలు పని, భుజం పట్టీలు. రోల్ బార్‌కి అడ్డంగా హార్నెస్ కట్టుకునే పైపు ఉంటుంది, పట్టీ దానికే చుట్టాలి. ఎఫ్ఐఏ రూల్లో ఆ అడ్డ పైపుకి 38 మిల్లీమీటర్ల వ్యాసం 2.5 మందం, లేదా 40కి 2 మందం, అతుకు లేని స్టీల్ అని ఉంటుంది. సీట్ల మధ్య స్క్రూలతో బిగించే సన్నటి పైపులు అమ్ముతారు, వాటి జోలికి పోకండి.

కోణం భుజం నుంచి పైపు దాకా లెక్క. అదే రూల్లో కిందికి గరిష్ఠంగా 45 డిగ్రీలు అని రాసుంది, 10 దాటకపోతే మంచిదని కూడా అక్కడే రాసుంది, జనం మొదటి ముక్క చదివి పుస్తకం మూసేస్తారు. లెక్క చూడండి. మిమ్మల్ని ముందుకి పోకుండా పట్టీ 100 కిలోల బలంతో వెనక్కి లాగాలనుకుందాం. 10 డిగ్రీల వాలుంటే అదే సమయంలో భుజాల మీద కిందికి పడేది దాదాపు 18 కిలోలు. 20 డిగ్రీలకి 36. 45కి ఏకంగా 100, మొత్తం వెన్నెముక మీదకే. నిజం యాక్సిడెంట్‌లో బలం ఇంతకి ఎన్నో రెట్లు, అప్పుడు వెన్నుపూసలు నలిగిపోతాయి. నేలకి కట్టిన పట్టీలు చూస్తే నాకు భయం వేసేది ఇందుకే. 20 దాటిందంటే మీరు పైపు ఎత్తు మార్చాలి లేదా సీటు మార్చాలి, వేరే దారి లేదు. పైపు భుజం కన్నా పైకీ ఉండకూడదు, పట్టీ భుజాన్ని సరిగ్గా పట్టదు.

కొలిచేటప్పుడు ఖాళీ సీటు కొలవకండి, అందరూ చేసే తప్పు ఇదే. హెల్మెట్, హాన్స్ వేసుకుని, నడుం పట్టీ బిగించి, వీపు సీటుకి ఆనించి కూర్చోండి. ఇంకొకరిని పిలిచి మీ భుజం పైనుంచి పైపు దాకా దారం లాగమనండి, దానికి ఫోన్ ఆనించి లెవెల్ యాప్‌లో డిగ్రీలు చదవమనండి. మా ఆవిడ ఈ పనిలో నాకన్నా ఓపిక, మూడుసార్లు చదివి రాసిపెడుతుంది. ఆ దారం సీటు రంధ్రం అంచుకి తగలకుండా వెళ్ళాలి. తగిలితే మీరు కొలిచిన కోణం నిజం కాదు, పట్టీ అక్కడ మలుపు తిరిగి కిందికి లాగుతుంది, పైగా అంచుకి ఒరుసుకుంటుంది.

తర్వాత చుట్టడం. మూడు కడ్డీలున్న స్లైడర్ ఉంటుంది, నిచ్చెన ముక్కలాగా. పట్టీని ఒక సందులోంచి పైకి తీసి, మధ్య కడ్డీ మీదుగా రెండో సందులోకి దింపి, పైపు చుట్టూ తిప్పి, మళ్ళీ స్లైడర్‌లోకి తేవాలి. ఇక్కడ సగం మంది ఆగిపోతారు. ఆగకూడదు! చివరని వెనక్కి మడిచి ఇంకోసారి సందులో దూర్చాలి, ఆ రెండో మడతే పట్టీని కరిచి పట్టుకునేది, అది లేకపోతే చేత్తో లాగినప్పుడు గట్టిగానే ఉంటుంది, బలం పడగానే జారుతుంది. ఏ సందు ముందు ఏది తర్వాత అనేది కంపెనీని బట్టి కొంచెం మారుతుంది, మీ హార్నెస్‌తో వచ్చిన కాగితంలో బొమ్మ పక్కన పెట్టుకునే చేయండి, వీడియోలు చూసి కాదు. చివర కనీసం 4 అంగుళాల తోక మిగలాలి. స్లైడర్ పైపుకి అంటుకున్నంత దగ్గరగా ఉండాలి. ఎక్కడా మెలిక ఉండకూడదు, వేలితో మొత్తం తడిమి చూడండి.

రెండు పట్టీలూ పైపు మీద పక్కకి జరగకుండా అడ్డు ఉండాలి, నా బార్‌కి చిన్న ముక్కలు వెల్డ్ చేసి ఉన్నాయి. ఐ బోల్టు వేస్తే అయిపోదా అని అడుగుతారు. భుజానికి వద్దు, చుట్టుడే, బోల్టు పక్కకి వంగేలా లాగబడితే ఎంత మంచిదైనా విరుగుతుంది, పైపు విరగదు.

అంతా అయ్యాక స్లైడర్ దగ్గర పట్టీ మీద తెల్ల పెయింట్ పెన్‌తో అడ్డంగా గీత గీయండి. గీత కదిలితే పట్టీ జారినట్టే. నేను ప్రతి సెషన్ తర్వాత కారు దిగగానే చూసేది అదే.

కట్టుకునేటప్పుడు నడుం పట్టీ ముందు, తుంటి ఎముకల కింద, పొట్ట మీద కాదు, అది ఊపిరి బిగించి లాగాక కింద పట్టీలు, చివర్న భుజాలు. భుజాలు ముందు లాగితే నడుం పట్టీ పైకి వచ్చేస్తుంది, మొత్తం విప్పి మొదట్నుంచి కట్టుకోవాల్సిందే. మొదటి రెండు ల్యాప్‌లయ్యాక ఒళ్ళు సీట్లో సర్దుకుని పట్టీలు కొంచెం వదులవుతాయి, పిట్‌లోకి వచ్చి నడుం దగ్గర ఇంకోసారి లాగి అప్పుడు గట్టిగా తిప్పండి.