రూటర్ మీద ఎర్ర దీపం: ఇంటి ఫైబర్ నెట్ సమస్యలు, కాంతిలో వాటి కారణాలు

నెట్ ఆగగానే ఎవరైనా ముందు చేసే పని స్విచ్ ఆపి మళ్లీ వేయడం. అది తప్పేమీ కాదు, ఒకసారి చేసి చూడవచ్చు. కానీ కేబుల్ మేకు దగ్గర మడత పడి ఉంటే, ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా ఆ మడత విప్పుకోదు. ఫైబర్‌లో వచ్చేది కరెంటు కాదు, కాంతి. దాని అలకకు కారణాలు వేరే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఇంటి గోడకూ పెట్టెకూ మధ్య ఉన్న కొద్ది మీటర్లలోనే దొరుకుతాయి.

ఇక్కడ చెప్పేది మన ఊళ్లలో ఎక్కువగా కనిపించే జీపాన్ పద్ధతి గురించి, అంటే ఒకే గాజు పోగులోని కాంతిని చాలా ఇళ్లకు పంచే పద్ధతి. ఆపరేటర్ గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. మనం రూటర్ అని పిలుస్తూ గోడకు బిగించే పెట్టె ఓఎన్‌టీ. మధ్యలో గాజు పోగు, వీధిలో ఎక్కడో ఒక స్ప్లిటర్.

ముందు ఒక అంకె చూడండి

ఫోనులోనో కంప్యూటర్‌లోనో బ్రౌజర్ తెరిచి ఓఎన్‌టీ చిరునామా కొట్టండి. చాలా పెట్టెలకు అది 192.168.1.1. చిరునామా, పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లోపల ఆప్టికల్ లేదా పాన్ (PON) సమాచారం చూపే పేజీలో 'ఆర్ఎక్స్ పవర్' పక్కన ఒక రుణసంఖ్య కనిపిస్తుంది. అది మీ ఇంటికి చేరుతున్న కాంతి బలం, కొలమానం డీబీఎం.

డీబీఎం లెక్కలో 1 మిల్లీవాట్ అంటే సున్నా. అక్కడి నుంచి 3 తగ్గితే కాంతి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతుకు పడిపోయినట్టు. అంటే -20 డీబీఎం అనేది మిల్లీవాట్‌లో నూరో వంతు. -17కు, -20కి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, నిజానికి సగం కాంతి పోయింది.

ఇంత తక్కువ ఎందుకు వస్తుందంటే, ఓఎల్‌టీ సుమారు +3 డీబీఎంతో, అంటే 2 మిల్లీవాట్లతో కాంతిని పంపిందనుకోండి. వీధిలోని స్ప్లిటర్ దాన్ని 32 ఇళ్లకు పంచుతుంది. ఒక కుళాయి నీళ్లను 32 బిందెలకు పట్టినట్టే, ఎవరి వాటా వారిది. ఆ పంపకంలోనే దాదాపు 17 డీబీ పోతుంది (రెండు డీబీఎం అంకెల మధ్య తేడాను డీబీ అంటారు). 5 కిలోమీటర్ల గాజులో ఒకటింబావు డీబీ, అతుకులు, కనెక్టర్లలో మరో ఒకటిన్నర. చివరికి మీ ఇంటికి -17 చుట్టుపక్కల చేరుతుంది.

జీపాన్‌లో బాగా వాడుకలో ఉన్న బీ ప్లస్ అనే కాంతి బలం తరగతి ప్రకారం ఓఎన్‌టీ -27 దాకా తట్టుకోవాలి. అక్కడ వచ్చే కాంతి మిల్లీవాట్‌లో ఐదు వందల వంతు మాత్రమే. అంత చిన్న వెలుగులోంచి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు చదవగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అయినా -24 కంటే కిందికి పడితే ఫిర్యాదు చేయడమే మంచిదని నా అభిప్రాయం. ఆ తర్వాత ఒక్క చిన్న మడత చాలు, గట్టు దాటిపోతుంది. నెట్ బాగున్న రోజే ఈ అంకెను ఒక చీటీ మీద రాసి పెట్టెకు అంటించండి. రేపు ఏదైనా తేడా వస్తే దేనితో పోల్చాలో తెలుస్తుంది.

లక్షణం: ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతోంది, నెట్ పూర్తిగా లేదు

కాంతి అసలు రావడం లేదు, లేదా గుర్తించలేనంత తక్కువగా వస్తోంది. ఇరుగు పొరుగు ఇళ్లలో కూడా లేకపోతే తప్పు వీధిలోనో ఆపరేటర్ దగ్గరో ఉన్నట్టు, మీరు చేయగలిగిందేమీ లేదు. మీ ఒక్క ఇంట్లోనే అయితే, పెట్టె వెనక కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో చూడండి. ఇల్లు ఊడ్చేటప్పుడు కదిలి బయటకు వచ్చి ఉండవచ్చు. సరిగా దిగితే 'టిక్' మని చిన్న శబ్దం వస్తుంది. తర్వాత కేబుల్ వెంట నడుచుకుంటూ తలుపు సందులో నలిగిందా, బీరువా కింద పడిందా, ఎలుక కొరికిందా చూడండి.

ఇక్కడ చాలామంది ఒక పని చేస్తారు: కనెక్టర్ ఊడదీసి, కొన వైపు తొంగి చూసి, "వెలుగు రావడం లేదు" అంటారు. వెలుగు వస్తున్నా కంటికి కనిపించదు. కిందికి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, పైకి వెళ్లేది 1310. రెండూ పరారుణ కిరణాలే. మన కన్ను సుమారు 700 దాటాక చూడలేదు. కనిపించని లేజర్‌లోకి కన్ను పెట్టడం ఎప్పుడూ మంచి అలవాటు కాదు.

టీవీ రిమోట్‌ను పరీక్షించినట్టు ఫోన్ కెమెరాతో చూద్దామన్నా కుదరదు. రిమోట్ కాంతి 940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, కెమెరాలోని సిలికాన్ దాన్ని పసిగడుతుంది. కానీ 1100 దాటాక కాంతి సిలికాన్‌కు పట్టుబడకుండా, గాజులోంచి పోయినట్టు దాటిపోతుంది. టెక్నీషియన్ చేతిలోని పవర్ మీటర్ సంగతి వేరు. అందులో సాధారణంగా ఇండియం గాలియం ఆర్సెనైడ్ అనే వేరే అర్ధవాహకం వాడతారు.

లక్షణం: నెట్ ఉంటుంది, కానీ ఊరికే తెగుతుంది. కస్టమర్ కేర్ మాత్రం "మా వైపు సిగ్నల్ బాగానే ఉంది" అంటుంది

ఈ గొడవలో తరచుగా ఇద్దరూ నిజమే చెబుతుంటారు. కారణం మడత.

బడిలో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం గుర్తు చేసుకోండి. ఎక్కువ వక్రీభవన గుణకం ఉన్న గాజులోంచి తక్కువ ఉన్నదానిలోకి వెళ్లబోయే కాంతి, సందిగ్ధ కోణం కంటే ఎక్కువ వాలుగా తగిలితే బయటపడలేక మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఫైబర్‌లో లోపలి గాజు కోర్. దాని మందం సుమారు 9 మైక్రాన్లు. చుట్టూ 125 మైక్రాన్ల దాకా క్లాడింగ్ అనే మరో గాజు పొర. రెంటి గుణకాల మధ్య తేడా ఒక శాతంలో మూడో వంతో, కాస్త ఎక్కువో ఉంటుంది. అంత సన్నని తేడా మీదే కాంతి నిలబడుతుంది కాబట్టి పోగును గట్టిగా వంచితే కోణం మారి కాంతి బయటకు జారిపోతుంది.

బడి పాఠం ఇక్కడితో ఆగుతుంది. కస్టమర్ కేర్ మాట అర్థం కావాలంటే ఇంకొక అడుగు వేయాలి. ఇంత సన్నని కోర్‌లో కాంతి కిరణంలా గోడలకు తగులుతూ వెళ్లదు. ఒక మచ్చలా పరుచుకుని, కొంత భాగం క్లాడింగ్‌లోకి కూడా వ్యాపించి సాగుతుంది. తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఆ మచ్చ వెడల్పవుతుంది: సాధారణ సింగిల్ మోడ్ ఫైబర్‌లో 1310 వద్ద సుమారు 9.2 మైక్రాన్లు, 1550 వద్ద దాదాపు 10.4. వెడల్పైన మచ్చ వంపు దగ్గర త్వరగా కారిపోతుంది. అందువల్ల మీ ఇంటికి వచ్చే 1490 కాంతి ఎక్కువ దెబ్బ తింటుంది, మీ ఇంటి నుంచి పోయే 1310 కాంతి తక్కువ దెబ్బతో బయటపడుతుంది. ఆపరేటర్ తన తెర మీద చాలాసార్లు చూసేది ఆ రెండో దాన్ని.

అందుకే ఫోనులో మాట్లాడేటప్పుడు "ఓఎన్‌టీ వైపు ఆర్ఎక్స్ పవర్ ఎంత చూపుతోంది?" అని అడగండి. లేదా మీరే చదివి చెప్పండి. సంభాషణ వెంటనే దారిలో పడుతుంది.

పరిష్కారం సులభం. పెట్టె వెనక మిగిలిన కేబుల్‌ను చిన్న ఉండగా చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఉంటే విప్పి, అరచేయంత వెడల్పు చుట్టలుగా వదులుగా పెట్టండి. మేకుకు మెలి తిప్పి ఉంటే తీయండి. కేబుల్ టైను బిగించి లాగి ఉంటే కత్తిరించండి, కేబుల్‌ను కాదు. సాధారణ జీ.652 రకం పోగుకు 30 మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే బిగువైన వంపు వద్దు. ఇళ్లకోసమే తయారైన జీ.657.ఏ2 రకం 7.5 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు ఒక చుట్టుకు 1550 వద్ద అర డీబీ కంటే ఎక్కువ పోగొట్టుకోకూడదని ప్రమాణం. కొత్తగా వైరింగ్ చేయించుకునేవారు ఈ రకాన్నే అడిగి వేయించుకోవడం మంచిది. కేబుల్ మీద రకం ముద్రించి ఉంటుంది. మడత తీశాక మళ్లీ అంకె చూడండి. రెండు మూడు డీబీ మెరుగైతే దొంగ దొరికినట్టే.

లక్షణం: పెట్టెనో కేబుల్‌నో కదిపాక, మార్చాక సిగ్నల్ పడిపోయింది

రెండు అనుమానాలు. మొదటిది మురికి. కాంతి దాటాల్సిన దారి 9 మైక్రాన్లు. వేలి ముద్రలోని జిడ్డు, గాలిలోని ధూళి రేణువు దాన్ని కప్పేయగలవు. కొనను చొక్కా అంచుతో తుడవకండి, నోటితో ఊదకండి. ఊదితే తుంపరలే మిగులుతాయి. నొక్కితే టిక్కుమనే క్లీనర్ పెన్ ఉంటే దాన్ని వాడాలి. లేకపోతే నూగు రాలని తుడుపు కాగితం మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేసి, ఒకే దిశలో ఒకసారి తుడిచి, వెంటనే పొడి భాగంతో మరోసారి తుడవాలి. దీనికి ముందు పెట్టె స్విచ్ ఆపి, కేబుల్‌ను రెండు వైపులా విప్పాలి. మూత ఉంటే, కనెక్టర్ ఊడదీసిన మరుక్షణం కొనకు పెట్టేయడం ఉత్తమం.

రెండో అనుమానం రంగు. ఆకుపచ్చ కనెక్టర్ కొన 8 డిగ్రీల వాలుతో నున్నగా అరగదీసి ఉంటుంది. నీలం కనెక్టర్ కొనకు వాలు ఉండదు. గాజు నుంచి గాలికి దాటేచోట దాదాపు 4 శాతం కాంతి వెనక్కి తిరుగుతుంది. అలా తిరిగినది లేజర్‌లోకి పోయి గందరగోళం చేయకుండా పక్కకు మళ్లించడానికే ఆ వాలు. నీలానికి ఆకుపచ్చను కలిపితే బయటికి చక్కగా అమరినట్టే ఉంటుంది. లోపల కొనలు తగలక సందు మిగిలి, ఒక్కచోటే కొన్ని డీబీలు పోతాయి. పైగా కొనలు గీరుకుపోవచ్చు. దుకాణంలో ప్యాచ్ కార్డ్ (రెండు కొనలకూ కనెక్టర్లున్న పొట్టి ఫైబర్ కేబుల్) కొనేటప్పుడు పాతదాన్ని చేత్తో పట్టుకెళ్లి రంగు సరిచూసుకోండి.

లక్షణం: వాన పడితే, ఎండ ముదిరితే నెట్ పోతుంది

వాన నీరు గాజు లోపలికి దిగి కాంతిని మింగేయదు. నీరు చేరేది జాయింట్ పెట్టెలోకి, లేదా డాబా మీద తెరిచి వదిలేసిన, రెండు కనెక్టర్లను కలిపే అడాప్టర్‌లోకి. ఎండకు కేబుల్ తొడుగు సాగి, రాత్రికి ముడుచుకుంటుంది. అప్పుడు లోపలి పోగు అటూ ఇటూ జరుగుతుంది. ఇంట్లోనే చేత్తో బిగించిన ఫాస్ట్ కనెక్టర్లు దీనికి తొందరగా లొంగిపోతాయి. వీటికి మందు ఒకటే, కరిగించి అతికించే ఫ్యూజన్ స్ప్లైసింగ్. బాగా చేస్తే అతుకులో 0.1 డీబీ కూడా పోదు. "ఫాస్ట్ కనెక్టర్ తీసేసి స్ప్లైస్ చేసి వెళ్లండి" అని ధైర్యంగా అడగండి.

లక్షణం: అంకె బాగుంది, నెట్ మాత్రం లేదు లేదా నెమ్మది

ఇది కాంతి సమస్య కాదు. పాన్ దీపం ఆగకుండా మినుకుతుంటే ఆపరేటర్ మీ పెట్టెను నమోదు చేయలేదు. పెట్టె మార్చిన రోజున ఇది మామూలే, సీరియల్ నంబరు చెప్పాలి. దీపం నిలకడగా ఉండి వేగమే తక్కువైతే లాన్ కేబుల్ పెట్టి చూడండి. అందులో బాగుంటే తప్పు వైఫైది.

అరుదుగా, పొరుగింటి ఓఎన్‌టీ చెడిపోయి ఆగకుండా కాంతిని పంపుతూ ఉంటుంది. పైకి వెళ్లే దారిలో ఇళ్లన్నీ వంతులవారీగా మాట్లాడాలి కదా, ఒకరు నోరు మూయకపోతే ఆ స్ప్లిటర్ కింద ఉన్న అందరి నెట్ పోతుంది. ఒక్కొక్కటిగా విప్పి ఆపరేటరే పట్టుకోవాలి.

టెక్నీషియన్ వచ్చాక

ఎర్ర కాంతి పెన్ తెస్తే దాని లేజర్ 650 నానోమీటర్లు, కంటికి కనిపిస్తుంది. పసుపు ప్యాచ్ కార్డ్‌లో విరిగినచోట, గట్టిగా వంగినచోట తొడుగు లోంచే ఎర్రగా మెరుస్తుంది. వీధి నుంచి ఇంటికి వచ్చే నల్లటి డ్రాప్ కేబుల్‌లో మాత్రం కనిపించదు, అక్కడ దాని మీద ఆధారపడకూడదు.

తెగింది వీధిలో అయితే ఓటీడీఆర్ కావాలి. అది క్షణకాలపు కాంతి పల్స్‌ను పంపి, గాజులోని అణువుల వల్ల వెనక్కి చెదిరి వచ్చే కొంచెం కాంతిని వింటుంది. దీనికి రేలీ పరిక్షేపణం అని పేరు, ఆకాశం నీలంగా ఉండటానికి కారణమూ అదే. గాజులో కాంతి మైక్రోసెకనుకు సుమారు 204 మీటర్లు పోతుంది కాబట్టి, వెళ్లి రావడానికి 10 మైక్రోసెకన్లు పడితే తెగిన చోటు దాదాపు 1020 మీటర్ల దూరంలో ఉన్నట్టు. అది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. చుట్టి వేలాడదీసిన కేబుల్ వల్ల ఈ రెంటికీ తేడా వస్తుంది.

గాజు మీద మాత్రం నింద వేయకండి. 1966లో చార్ల్స్ కావో, జార్జ్ హాకమ్ కిలోమీటరుకు 20 డీబీ కంటే తక్కువ నష్టం ఉన్న గాజు దొరికితే చాలు, ఫైబర్‌తో సమాచారం పంపవచ్చన్నారు. 20 డీబీ అంటే కిలోమీటరు చివర నూటికి ఒక వంతు కాంతి. నేటి ఫైబర్ 1550 వద్ద కిలోమీటరుకు దాదాపు 0.2 డీబీ మాత్రమే పోగొట్టుకుంటుంది, అంటే 95 శాతం మిగులుతుంది. ఆ గాజును విద్యుత్ స్తంభాల మీద వేలాడదీస్తున్నాం. లారీలు లాగుతాయి, ఉడతలు కొరుకుతాయి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో స్తంభాల మీది కేబుళ్లను పెద్దఎత్తున తొలగించినప్పుడు ఎన్నో ఇళ్లలో ఎల్‌ఓఎస్ వెలిగింది. అలాంటప్పుడు ఇంట్లో మడతలు వెతకడం వృథా.

వీధిలో అతికించి వెళ్లాక, టెక్నీషియన్ బండి ఎక్కకముందే ఆర్ఎక్స్ పవర్ మళ్లీ చదవండి. చీటీ మీది అంకెకు ఒకటి రెండు డీబీల లోపు వస్తే సరే. మూడు దాటితే జాయింట్ విప్పి మళ్లీ వేయమనండి.