ఇరుకు స్థలంలో వరుస ఇల్లు - 3వ పాఠం: ముందు మెట్లు, తర్వాతే గదులు

గత పాఠంలో 15 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతున్న స్థలం తీసుకున్నాం. అంటే 75 గజాలు. ముందు 5 అడుగుల అరుగు, వెనక 8 అడుగుల పెరడు పోగా ఇంటికి 32 అడుగుల లోతు మిగిలింది. ఇక గదులు గీసేద్దామనిపిస్తుంది. కాస్త ఆగండి, ముందు మెట్లు తేలాలి.

రెండు పక్కలా ఉమ్మడి గోడలే కాబట్టి కిటికీలకు వీధి వైపు, పెరటి వైపు తప్ప చోటు లేదు. శ్రీకాకుళం పల్లెల్లో పాత వరుస ఇళ్లలోకి వెళ్లి చూడండి. వీధి గదిలో వెలుగుంటుంది, పెరటి వైపు వంటింట్లో ఉంటుంది. మధ్య గదిలో మాత్రం పట్టపగలే లైటు వెయ్యాలి. బాలింతలు, ముసలివాళ్లు పడుకునేది తరచుగా ఆ గదిలోనే. నేను దీని మీద ఇంత పట్టుబట్టేది అందుకే. పెంకుల మధ్య ఒక అద్దం పెంకు పెట్టి పెద్దవాళ్లు కొంత వెలుగు తెచ్చుకున్నారు. పైన అంతస్తు వేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. కాబట్టి ఆ చీకటి చోటునే మెట్లకు, పైదాకా తెరిచి ఉండే గాలి గూడుకు ఇద్దాం.

అంతస్తు ఎత్తు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. దాన్ని 17 రైజర్లుగా (రైజర్ అంటే ఒక్కో మెట్టు ఎత్తు) పంచితే ఒక్కోటి 7 అంగుళాల పైచిలుకు. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇళ్లలో రైజర్ 190 మి.మీ. దాటకూడదు, ట్రెడ్, అంటే అడుగు పెట్టే పలక వెడల్పు, 250 మి.మీ.కి తగ్గకూడదు. ట్రెడ్ 10 అంగుళాలు పెడదాం, సరిపోతుంది.

గోడ వెంట తిన్నగా ఎక్కిస్తే మెట్లకే 13 అడుగుల 4 అంగుళాల పొడవు పోతుంది. అంతమేరా గది వెడల్పులో 3 అడుగులు తగ్గి, హాలు రైలు పెట్టెలా తయారవుతుంది. అదే మెట్లను ఇంటికి అడ్డంగా, మధ్యలో మలుపుతో వేసి చూడండి. మొదటి వరుసలో 9 రైజర్లు, 8 ట్రెడ్లు: 6 అడుగుల 8 అంగుళాలు. ల్యాండింగ్, అంటే మలుపు దగ్గరి చదునైన చోటు, 3 అడుగులు. మొత్తం 9 అడుగుల 8 అంగుళాలు. ఉమ్మడి గోడలు 9 అంగుళాలవైతే, ఒక్కో దానిలో సగమే మన స్థలంలోకి వస్తుంది కాబట్టి, వాటి మధ్య మనకున్నది 14 అడుగుల 3 అంగుళాలు. మిగిలిన 4 అడుగుల 7 అంగుళాలే వీధి గది నుంచి పెరటికి నడవ. మొదటి మెట్టు ముందు నిలబడే చోటూ అదే. రెండు వరుసలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి లోతులో మెట్లు తినేది ఆరుంపావు అడుగులు మాత్రమే.

మెట్లను ఆనుకుని వెనక 4 అడుగుల గాలి గూడు వదలండి. రెంటి మధ్య గోడ వద్దు. బయటి గోడల, అడ్డుగోడల మందం లెక్కలోంచి తీసేస్తే ముందు గదికి పదిన్నర, వెనక గదికి 9 అడుగులు వస్తాయి.

గూడు పైన రేకు మాత్రం వెయ్యకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు చూసిన జిల్లాలివి. గోడలను డాబా మీద 2 అడుగులు లేపి, పైన అడుగున్నర చూరుతో శ్లాబు వేసి, పక్కన కదలని లూవర్లు (గాలి వెళ్లేలా ఏటవాలుగా అమర్చిన పలకలు) పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నం సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి వస్తుంది. లూవర్లు వాయవ్యం వైపు ఉంటే లోపలి వేడిని బయటికి లాగుతుంది.

వచ్చే పాఠానికి ఈ మెట్ల గుండా 1:50 స్కేలులో ఒక సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) గీసి ఉంచండి. ల్యాండింగ్ పైభాగం నేల నుంచి 5 అడుగుల 3 అంగుళాలే ఉంటుంది. కింద మనిషి నడవలేడు, అక్కడ ఏం పెడతారో కూడా గీయండి.