తరగతి గదిలో హనుక్కా బొంగరం ఆట

యూదుల దీపాల పండుగ హనుక్కా ఎనిమిది రాత్రులు జరుగుతుంది. వాళ్ల పంచాంగంలో కిస్లెవ్ నెల 25న మొదలవుతుంది కాబట్టి మన క్యాలెండర్‌లో తేదీ ఏటా మారుతుంది, ముందే చూసుకోండి. పిల్లలకు దీన్ని 'యూదుల క్రిస్మస్' అని మాత్రం చెప్పకండి, ఇది పూర్తిగా వేరే పండుగ.

ఈ రోజుల్లో ఆడే నాలుగు ముఖాల బొంగరం డ్రేడెల్. మందపాటి అట్టను 5 సెం.మీ. చతురస్రంగా కత్తిరించి, మూల నుంచి మూలకు రెండు గీతలు గీయించండి. నాలుగు భాగాల్లో నూన్, గిమెల్, హే, షిన్ అనే హీబ్రూ అక్షరాలు రాయించండి; వాటి రూపాలు బోర్డు మీద పెద్దగా వేసి చూపితే చాలు. గీతలు కలిసేచోట పొట్టి పెన్సిల్ ముక్క గుచ్చి, మొన 2 సెం.మీ. కిందికి ఉంచాలి. రంధ్రం కాస్త పక్కకు జరిగినా బొంగరం తూలి, పదేపదే ఒకే వైపు పడుతుంది. వదులుగా ఉంటే జిగురు పెట్టండి.

ఆటకు నలుగురు, తలా 10 చింతగింజలు. ఆట మొదట్లో అందరూ ఒక్కో గింజ మధ్యలో వేస్తారు. నేలకు తగిలిన అంచు మీది అక్షరమే లెక్క. నూన్ పడితే ఏమీ రాదు, గిమెల్‌కు అన్నీ, హేకు సగం, షిన్‌కు ఒకటి ఎదురు వేయాలి. బేసి సంఖ్యలో సగమెంతో ముందే చెప్పండి (ఐదులో మూడు), లేదంటే గొడవే. మధ్యలో గింజలు అయిపోతే అందరూ మళ్లీ ఒక్కొక్కటి వేస్తారు.