సర్వర్లకు ఆటో స్టార్టర్: కండిషన్‌కీ రెస్పాన్స్‌కీ ముడి వేసేదెట్లా

మాది అనంతపురం. ఇక్కడ బోరున్న రైతును ఎవరినడిగినా ఆటో స్టార్టర్ గురించి చెప్తాడు. త్రీఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చినా చేనికి పోయే పని లేదు, మోటరు దానంతట అదే లేస్తుంది. దాన్ని తీసేయమని కరెంటోళ్లు ఎందుకు పోరుపెడతారో కూడా అతనే చెప్తాడు: కరెంటు వచ్చిన క్షణంలోనే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ కలిసి లేస్తే అది తట్టుకోలేక కాలిపోతుంది. క్లస్టర్‌లో, అంటే కలిసి పనిచేసే సర్వర్ల గుంపులో, "ఇట్లా జరిగితే నువ్వే అట్లా చెయ్యి" అని సర్వర్లకు అప్పజెప్పేటప్పుడు ఈ రెండూ గుర్తుంటే చాలావరకు గండం గట్టెక్కినట్టే.

నేను చెప్పేది ఐబీఎం వాళ్ల ఆపరేటింగ్ సిస్టమ్ ఏఐఎక్స్‌తో పాటే వచ్చే ఆర్‌ఎస్‌సీటీ అనే కాపలా టూల్ గురించి. వేరే టూల్స్‌లో పేర్లు మారతాయి, పద్ధతి మాత్రం దాదాపు ఇదే. కమాండ్లు గుర్తుపెట్టుకోవడం తేలిక: ముందు ఎంకే ఉంటే తయారు చేయడం, ఎల్ఎస్ ఉంటే చూడడం. అన్నీ చిన్నబడి అక్షరాల్లో, ఖాళీ లేకుండా కలిపి కొట్టాలి.

ఇందులో ముక్కలు మూడు. దేన్ని కనిపెట్టాలో చెప్పేది కండిషన్, అది నిజమైతే ఏం చేయాలో చెప్పేది రెస్పాన్స్, ఈ రెండింటినీ కలిపే ముడి వేరే. ఇన్ని ముక్కలెందుకు, ఒకే స్క్రిప్టు రాసి, వేళ ప్రకారం నడిపే క్రాన్‌లో పడేస్తే పోలా అని నేనూ మొదట్లో విసుక్కున్నాను. ఒకే కండిషన్‌కి పగలు ఒక రెస్పాన్స్, రాత్రి ఇంకొకటి తగిలించాల్సి వచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు.

ముందు ఎల్ఎస్‌కండిషన్ కొట్టి చూడండి, చాలా కండిషన్లు రెడీగానే ఉంటాయి. లాగ్‌లు పడే వార్ డైరెక్టరీ నిండిపోవడం, టెంప్ నిండిపోవడం లాంటివి కొత్తగా రాసే పని లేదు. సొంతంగా కావాలంటే ఎంకేకండిషన్. దానికి హైఫన్ చిన్న ఆర్‌తో ఏ క్లాసో (ఫైల్‌సిస్టమ్‌కయితే ఐబీఎం డాట్ ఫైల్‌సిస్టమ్), హైఫన్ చిన్న ఎస్‌తో అందులో ఏదో, హైఫన్ చిన్న ఇ-తో ఎప్పుడు అరవాలో చెప్పాలి, ఉదాహరణకి పర్సెంట్‌టాట్‌యూజ్డ్, అంటే నిండిన శాతం, 90 దాటినప్పుడు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆపొద్దు. హైఫన్ పెద్ద ఇ ఇంకోటుంది, దాన్ని రీఆర్మ్ అంటారు.

మిద్దె మీద నీళ్ల ట్యాంకుకి ఫ్లోట్ స్విచ్ పెట్టించిన వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మోటరు ఆన్ అవడానికి కింద ఒక గుర్తు, ఆఫ్ అవడానికి పైన ఒక గుర్తు ఉండాలి. రెండూ ఒకేచోట పెడితే ఇంట్లో ఎవరో చెంబు నీళ్లు ముంచుకున్నా మోటరు లేస్తుంది, అంతలోనే ఆగుతుంది, మళ్లీ లేస్తుంది, వారం తిరక్కుండానే కాయిల్ కాలిపోతుంది. సర్వర్‌లోనూ అంతే. డిస్క్ 90కీ 91కీ మధ్య ఊగుతుంటే, రీఆర్మ్ లేని కండిషన్ ఊగినప్పుడల్లా రెస్పాన్స్‌ని లేపుతుంది. రీఆర్మ్ 75 కింద అని పెట్టారనుకోండి, ఒకసారి అరిచాక నిజంగా 75 కిందికి దిగేదాకా నోరు మూసుకుంటుంది, దిగాకే మళ్లీ 90 కోసం చూస్తుంది. 90కీ 88కీ పెట్టినవాళ్లను చూశాను, అది పెట్టినా పెట్టనట్టే.

ఇక రెస్పాన్స్. ఎంకేరెస్పాన్స్‌లో హైఫన్ ఎస్ తర్వాత మీ స్క్రిప్టు పూర్తి పాత్ ఇవ్వాలి. హైఫన్ డి-తో రోజులు, హైఫన్ టి-తో వేళలు. రోజుల్లో 1 అంటే ఆదివారం, కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా కావాలంటే 2 నుంచి 6 అని రాయాలి. నేను 1 నుంచి 5 రాసి, శుక్రవారం ఒక్క మెయిలూ రాలేదని మెయిల్ సర్వర్‌ని తిట్టుకున్నాను. హైఫన్ ఇ-కి 'ఏ' అక్షరం ఇస్తే సమస్య వచ్చినప్పుడు, ఆర్ ఇస్తే తగ్గినప్పుడు, బి ఇస్తే రెండుసార్లూ నడుస్తుంది. మెయిల్‌కి బి పెట్టండి, తగ్గిందని తెలిస్తే నిద్రన్నా పడుతుంది. క్లీన్ చేసే స్క్రిప్టుకి 'ఏ' చాలు.

ముడి వేయడానికి ఎంకేకండ్‌రెస్ప్. ఇది ముడి మాత్రమే వేస్తుంది, కాపలా మొదలుపెట్టదు. ఎల్ఎస్‌కండ్‌రెస్ప్ చూస్తే "నాట్ యాక్టివ్" అనే ఉంటుంది. స్టార్ట్‌కండ్‌రెస్ప్ కొడితేనే యాక్టివ్ అవుతుంది. నిజానికి ముడి లేకపోతే అదే వేసుకుని మరీ మొదలుపెడుతుంది కాబట్టి నేను నేరుగా ఇదే వాడతాను.

ఇప్పుడు అసలు తలనొప్పి. పీర్ డొమైన్‌లో (ఆర్‌ఎస్‌సీటీ ఒక గుంపుగా చూసే సర్వర్లు) ఉన్న నోడ్లన్నింటినీ, అంటే ఒక్కో సర్వర్‌నీ, ఒకేచోట నుంచి చూడాలంటే కండిషన్‌కి హైఫన్ ఎం పక్కన పి అని స్కోప్ ఇస్తాం. అప్పుడు ఏ నోడ్‌లో ఇబ్బంది వచ్చినా కండిషన్ పసిగడుతుంది, సరే. స్క్రిప్టు మాత్రం ఇబ్బంది వచ్చిన నోడ్‌లో నడవదు, కండిషన్ ఎక్కడ ఉందో ఆ నోడ్‌లో నడుస్తుంది. ఇది తెలియక నేను పడ్డ పాట్లు చెప్తాను. పాత ఉద్యోగంలో మూడు నోడ్ల క్లస్టర్, కండిషన్ మొదటి దాంట్లో పెట్టాను. ఒక రాత్రి రెండున్నరకి మూడో నోడ్‌లో వార్ నిండింది. స్క్రిప్టు బుద్ధిగా లేచి, ఏ ఇబ్బందీ లేని మొదటి నోడ్‌లో పాత లాగ్‌లు తుడిచి, "పని అయిపోయింది" అని సున్నా రిటర్న్ చేసింది. మూడోది నిండుగా అట్లాగే ఉంది. పొద్దున మేనేజర్ అడిగిన లాగ్‌లు ఏ నోడ్‌వో తెలుసా, మొదటి దాంట్లోవే.

కాబట్టి స్క్రిప్టు మొదటి వరుసల్లోనే ఈఆర్ఆర్ఎం నోడ్ నేమ్ (ERRM_NODE_NAME) అనే వేరియబుల్ చదవండి. ఇబ్బంది వచ్చిన నోడ్ పేరు అందులోనే ఉంటుంది, రిసోర్స్ పేరూ విలువా కూడా ఇట్లాంటి వేరియబుల్స్‌లోనే వస్తాయి. ఆ నోడ్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో పోయి పని చేయించండి. ఆ పేరు ఖాళీగా వస్తే ఏమీ ముట్టుకోకుండా బయటికి వచ్చేయాలి. ఇంకొకటి, కండిషన్ ఉన్న నోడే పడిపోతే కాపలా కూడా దాంతోనే పోతుంది. ముఖ్యమైన వాటిని రెండో నోడ్‌లో కూడా పెట్టండి, అక్కడ మెయిల్ ఒక్కటి చాలు, రెండు చోట్ల నుంచీ రీస్టార్ట్ స్క్రిప్టు పెడితే అవి ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి.

మోటర్ల సంగతి గుర్తుందిగా? అప్లికేషన్ రీస్టార్ట్ లాంటివి ఒకేసారి అన్ని నోడ్లలో జరగకుండా స్క్రిప్టులో లాక్ పెట్టండి. ఒక నోడ్ లేచి కుదురుకుందని తేలాకే ఇంకోదాన్ని ముట్టుకోవాలి, లేకపోతే డేటాబేస్ మీద అందరూ కలిసి పడతారు.

టెస్ట్ చేయకుండా వదలొద్దు. టెంప్ ఇప్పుడు 31 శాతం ఉందనుకోండి, 35కి ఒక డమ్మీ కండిషన్ పెట్టి, రెస్పాన్స్‌గా, జరిగింది లాగ్‌లో రాసిపెట్టే లాగ్‌ఈవెంట్ స్క్రిప్టు ఒక్కటే తగిలించి, పెద్ద ఫైలొకటి రాయండి. ఏఐఎక్స్‌లో ఆ లాగ్ మామూలు టెక్స్ట్ కాదు, ఏలాగ్ కమాండ్‌తో తెరవాలి. ఏం జరిగిందో వరసగా చూడాలంటే ఎల్ఎస్‌ఆడ్‌రెక్. కనీసం రెండు వారాలు ఇట్లా లాగ్ మాత్రమే రాయనిచ్చి, అది ఎన్నిసార్లు లేచిందో లెక్క చూసుకున్నాకే తుడిచే స్క్రిప్టు తగిలించండి.

మెయింటెనెన్స్ రోజు స్టాప్‌కండ్‌రెస్ప్ కొట్టి పని మొదలుపెట్టండి, లేకపోతే మీరు ఆపిన సర్వీస్‌ని అది లేపుతూనే ఉంటుంది. పని అయ్యాక మళ్లీ స్టార్ట్ చేయడం అందరూ మర్చిపోతారు. నేనయితే ఆపిన ముడుల పేర్లు చీటీ రాసి బండి తాళంచెవికి రబ్బరు బ్యాండుతో చుట్టుకుంటాను.